మర్యాద మంచం

"మనిషన్నవాడు తప్పు చేస్తాడు. కాబట్టి ఇక్కడ మనుషుల చేత రాయించం."

ఈ మహావాక్యాన్ని ఆ సంస్థ ముందు గదిలో, లిఫ్టు పక్కన, ఇత్తడి అక్షరాలతో గోడకి బిగించారు. బిగించినవాడు మనిషే కాబట్టి రెండో వాక్యం కొద్దిగా కిందికి జారింది. అది అందరికీ కనిపిస్తుంది, ఎవరూ చూడరు. చూసీ చూడనట్టు ఉండటం అక్కడ ఉద్యోగానికి మొదటి అర్హత. కంప్యూటర్ చదువు రెండోది.

ఆ సంస్థ ఆసుపత్రులకి పిలుపు గంటలు అమర్చుతుంది. రోగి మంచం పక్కన బటన్ నొక్కుతాడు. వార్డులో ఉన్న పెట్టె, ఫలానా ఫలానా మంచాలు పిలుస్తున్నాయి అని ఒక సందేశం పంపుతుంది. ఆ సందేశాన్ని విప్పి, చదివి, నర్సు ముందున్న స్క్రీను మీద మంచాల నంబర్లు వేయడానికి ఒక ప్రోగ్రాం కావాలి. ఒక్కో రకం పెట్టె ఒక్కో తీరున మాట్లాడుతుంది కాబట్టి ఆసుపత్రికో ప్రోగ్రాం కావాలి. అన్నిటినీ మనుషులు కూచుని రాయడం ఎక్కడవుతుంది? అందుకని ప్రోగ్రాంలు రాసే ప్రోగ్రాం ఒకటి ఉంది. పెట్టె ఎలా మాట్లాడుతుందో వివరం ఇస్తే చాలు, మిగతాదంతా అదే రాసి పడేస్తుంది. దాని పేరు బ్రహ్మ.

బ్రహ్మని పుట్టించింది సంస్థ అధిపతి. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. బ్రహ్మకి తండ్రి అంటే ఏ లోకంలోనైనా చిన్న హోదా కాదు కదా, ఆ బరువంతా ఆయన నడకలో కనిపిస్తుంది. పంతొమ్మిదేళ్ల కిందట "తప్పులేని ప్రోగ్రాం" అని బ్రహ్మకి ఒక పెద్ద బహుమతి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఆఫీసులో తప్పు అనే మాట వాడకూడదు. బగ్ అన్నా అంతే. ఎక్కడైనా ఏదైనా తేడా వస్తే దాన్ని "విశేషం" అనాలి. ఈ పద్ధతి వల్ల ఇళ్లలో కొన్ని ఇబ్బందులు రాకపోలేదు. అక్కడ పనిచేసే వదిన ఒక సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, "విశేషం ఉంది, రావడం ఆలస్యమవుతుంది" అంటే, అత్తగారు ఆనందం పట్టలేక పక్కింటికీ ఎదురింటికీ చెప్పి వచ్చింది. వదినకి అప్పటికి నలభై మూడేళ్లు.

వదిన అంటే మొదట్లో ఒక్కడికే వదిన. ఆమె భర్త తమ్ముడు ఆ ఆఫీసులో జట్టు నాయకుడు. అతను వదినా వదినా అని పిలుస్తూ ఉంటే విని, వాచ్‌మన్ దగ్గర్నుంచి ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్ల దాకా అందరూ అదే మొదలుపెట్టారు. ఆమె పని, ప్రోగ్రాంలని పరీక్షించి లోపాలు పట్టుకోవడం. లోపాలుండవని గోడ మీద రాసుకున్న చోట ఈ ఉద్యోగం, దొంగల్లేని ఊరికి తలారి ఉద్యోగం లాంటిది. జీతం వస్తుంది, పని రాదు, వచ్చిందంటే ఊరంతా తలారినే తిడుతుంది. ఫిర్యాదుల ఫోను కూడా ఆమె బల్ల మీదే పెట్టారు. ఫిర్యాదులు రావు కనుక అది ఎవరి బల్ల మీద ఉన్నా ఒకటేనని వాళ్ల ఉద్దేశం.

ఆ ఫోను ఒక గురువారం పొద్దున మోగింది. మూడు వారాల కిందట గంటలు బిగించిన కొత్త ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు మాట్లాడుతోంది. ముప్ఫై ఏళ్లుగా డాక్టర్లని అదుపులో పెట్టిన గొంతు అది.

"చూడమ్మా, మీ గంటల్లో చివర నొక్కినవాడు నాకు కనబడటం లేదు. వాడి తర్వాత ఇంకొకడు నొక్కితే అప్పుడు వీడు కనబడతాడు, ఆ నొక్కినవాడు మాయమవుతాడు. నాకు మతి పోయిందేమో అనుకుని వారం రోజులు పుస్తకంలో రాసుకున్నాను. మతి బానే ఉంది."

రోగులు నర్సుకన్నా ముందే ఆ రహస్యం కనిపెట్టారట. వార్డులో ఆరు మంచాలు. ఎవరికి ఏం కావాలన్నా పక్కవాడిని లేపి, నేను నొక్కుతున్నాను, నా వెనకాలే మీరూ ఒకసారి నొక్కండి అని బతిమాలుకుంటున్నారు. రెండో మంచం మీదున్న పెద్దమనిషి ఈ సాయానికి ఒకసారికి రెండు బిస్కెట్లు పుచ్చుకుంటున్నాడు. ఒక్క కిటికీ పక్క మంచం ముసలాయన మాత్రం ఎవరినీ అడగలేదు. ఆయన దర్జీ. జీవితమంతా ఇతరుల కొలతలు తీసి, తన అవసరం ఎవరికీ చెప్పుకోకుండా బతికిన మనిషి. మొన్న మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే బటన్ నొక్కాడు. నూరు లెక్కపెట్టాడు. పాపం అమ్మాయిలకి ఎంత పనో అనుకుని తనే దిగబోయి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

పెద్ద నర్సు ఊపిరి కూడా తీసుకోకుండా అసలు సంగతికి వచ్చింది. శనివారం దర్జీకి ఆపరేషన్. సోమవారం పొద్దున ఆయన్ని పై అంతస్తులో కొత్తగా తెరుస్తున్న ఒంటి గదుల్లోకి మారుస్తారు. గదికో పెట్టె, పెట్టెకో మంచం.

"ఆయన నొక్కితే, ఆయన తర్వాత నొక్కడానికి ఆ గదిలో ఇంకెవరున్నారమ్మా?" అంది.

వదిన దగ్గర ఇలాంటి సందర్భానికి నింపాల్సిన ఫారం ఒకటి ఉంది. విశేషానికి కారకులు ఎవరు అనే గడిలో నాలుగు జవాబులు అచ్చేసి ఉంటాయి: వాడేవారు, కరెంటు, వాతావరణం, విధి. ఐదోది లేదు. ఆమె ఆ ఫారాన్ని మడిచి సొరుగులో పెట్టి, సోమవారం లోపల సరిచేస్తానని మాటిచ్చేసింది. ఆ ఆఫీసులో అలా మాటిచ్చే అధికారం ఎవరికీ లేదు.

కారణం మధ్యాహ్నానికల్లా దొరికింది. దొరక్కుండా దాక్కోవడానికి అదేమీ సూది కాదు, గుమ్మానికి అడ్డంగా పడున్న రోకలి. పూర్వం పెట్టెలు పంపే సందేశంలో మొదట ఒక అంకె ఉండేది, ఇందులో మొత్తం ఇన్ని ముక్కలున్నాయి అని. ఆ మొత్తంలో పైనుండే శీర్షికని కూడా కలిపి లెక్కపెట్టేవాళ్లు. ఉత్తరం మీద "ఆరు కాగితాలు" అని రాసి, పైన కప్పిన కాగితాన్ని కూడా అందులో కలిపినట్టు. లోపలి కాగితాలెన్నో తెలియాలంటే ఒకటి తీసేయాలి. బ్రహ్మ అందుకే ఒకటి తీసేసేది. తర్వాత పెట్టెలు చేసేవాళ్లు పద్ధతి మార్చారు. శీర్షికని లెక్కలోంచి తప్పించి ఉన్న మంచాలనే చెప్పడం మొదలుపెట్టారు. బ్రహ్మకి ఆ కబురు అందలేదు. అది ఇప్పటికీ ప్రతి ఆసుపత్రికీ రాసే ప్రతి ప్రోగ్రాంలోనూ నిష్ఠగా ఒకటి తీసేస్తూనే ఉంది. ఆరుగురు పిలిస్తే ఐదుగురు. ఒక్కడు పిలిస్తే ఎవరూ లేరు.

మరి నలభై ఒక్క పాత ఆసుపత్రుల్లో ఇన్నేళ్లుగా ఎవరూ పడలేదా? ఈ ప్రశ్న తీసుకుని వదిన మరిది గదికి వెళ్లింది. అతను లేచి తలుపు వేసి, కిటికీ తెర కూడా దించి, అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు. పాత ఆసుపత్రుల్లో ప్రతి వార్డుకీ ఒక మంచం ఎక్కువ రాసి ఉంటుంది. నిజంగా ఉండదు. దాని నంబరు సున్నా. ఎవరు బటన్ నొక్కినా వాళ్ల వెనకాల ఆ లేని మంచం కూడా తనంతట తాను పిలుస్తుంది. బ్రహ్మ చివరిదాన్ని మింగేస్తుంది కాబట్టి దాన్నే మింగుతుంది, నిజమైన రోగి బతికిపోతాడు. దీన్ని "మర్యాద మంచం" అంటారు. కొత్తగా చేరినవాడికి పాతవాడు చెవిలో చెబుతాడు. కాగితం మీద ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఉంటే ఎందుకుందో చెప్పాల్సి వస్తుంది.

"మరి కొత్త ఆసుపత్రిలో ఎందుకు పెట్టలేదు?"

"అక్కడికి వెళ్లిన ఇంజనీరు పుస్తకంలో ఉన్నట్టే చేశాడు వదినా. ఇంతవరకూ ఎవరూ అలా చేయలేదు."

మరిది చెడ్డవాడు కాదు. కాకపోతే వచ్చే నెల ఉపాధ్యక్షుడు కాబోతున్నాడు, ఆ పదవి వచ్చేదాకా ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నాడు. ఆ వార్డులో ఒక మర్యాద మంచం వేయించేసి ఊరుకుందామన్నాడు. ఒంటి గదుల సంగతేమిటని వదిన అడిగింది. ఆ గదుల్లో పెట్టె కొత్త రకం. దానికి ఒకటే బటన్, ఒకటే మంచం, రెండోది ఉందని రాస్తే ఒప్పుకోదు. మనుషుల్లా దానికి మొహమాటం లేదు. పోనీ ఆ ఒక్క ప్రోగ్రాం చేత్తో దిద్దుదామా అంటే, బ్రహ్మ వారం వారం అన్ని ప్రోగ్రాంలనూ మళ్లీ మొదట్నుంచి రాస్తుంది. చేత్తో దిద్దింది తుడిచిపెట్టుకుపోతుంది. దిద్దితే బ్రహ్మనే దిద్దాలి.

మరిది కుర్చీలో కూలబడ్డాడు. బ్రహ్మని ముట్టుకోవడమంటే పెద్దాయన పరువుని ముట్టుకోవడమని, అన్నయ్య మొహం చూసైనా ఈ ఆలోచన మానుకోమని అన్నాడు. మీ అన్నయ్య మొహం రోజూ చూస్తూనే ఉన్నానని చెప్పి వదిన బయటికొచ్చింది.

శుక్రవారం పొద్దున సమావేశం పెట్టారు. పెద్దాయన రాలేదు. లేని విషయం మీద పెట్టిన సమావేశానికి అధిపతి ఎలా వస్తారు? మిగతా పన్నెండుమంది వచ్చారు. మొదటి గంటన్నర దీన్ని ఏమనాలి అన్న దాని మీద గడిచింది. విశేషం అంటే మరీ పెద్దదవుతుందేమోనని ఒకరు శంకించారు. "అంకెల సంకోచం" అందామన్నారు ఒకరు. చివరివాడు కాస్త ఆగడం వినయానికి గుర్తు కాబట్టి "వినయ గుణం" అనవచ్చని మరొకరు ప్రతిపాదిస్తే నలుగురు తలూపారు. ఆ తలూపడం కూడా కాగితం మీద రాసుకున్నారు.

దర్జీ గురించి మాట్లాడటానికి చివర్లో ఐదు నిమిషాలు మిగిలాయి. ఒంటి గదిలో రోగికి తోడుగా ఒక బంధువుని పెడితే సరిపోతుందన్నాడు పత్రాల విభాగం పెద్ద.

"బంధువుకి బటన్ ఉండదు కదండీ," అంది వదిన.

"బటన్ ఎందుకు, కేకేస్తాడు."

"అప్పుడు మన గంట ఎందుకు?"

"అది రోగి ధైర్యం కోసం," అన్నాడాయన, ఏమాత్రం నవ్వకుండా. దాన్నీ రాసుకున్నారు. వచ్చే నెల మళ్లీ కలుద్దామని తీర్మానించి టీ తాగి లేచారు.

వదినకి కోపం వచ్చింది. ఆమెకి కోపం వస్తే అరవదు, పని చేస్తుంది. బ్రహ్మని దిద్దడం నిమిషం పని, తీసేయాల్సింది రెండే గుర్తులు, ఒక తీసివేత గీత, దాని పక్కన ఒకటి అంకె. పరీక్షల గదిలో బ్రహ్మ నకలు ఒకటి దిద్ది, ఒంటి మంచం పెట్టెని తగిలించి బటన్ నొక్కితే స్క్రీను మీద నంబరు ఠపీమని వచ్చింది. కానీ అసలు చిక్కు అక్కడే ఉంది. బ్రహ్మ మింగడం మానేస్తే, నలభై ఒక్క ఆసుపత్రుల్లో ఇన్నాళ్లూ మింగుడుపడుతున్న మర్యాద మంచాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. లేని మంచాల మీద లేని రోగులు పిలవడం మొదలుపెడతారు, ఉన్న నర్సులు వాళ్ల కోసం పరుగెత్తుతారు. కాబట్టి ముందు ఆ మంచాలన్నీ ఎక్కడెక్కడున్నాయో తెలియాలి. అధికారికంగా అవి లేవు. లేనివాటి జాబితా ఎవరి దగ్గర ఉంటుంది?

మధ్యాహ్నం ఆమె బల్ల బల్లకీ తిరిగింది. మీ ఆసుపత్రుల్లో మర్యాద మంచాలున్నాయా అని అడిగితే ప్రతివాడూ ఆశ్చర్యపోయాడు. అలాంటి మాటే వినలేదన్నాడొకడు. తమ జట్టులో అలాంటి సంస్కృతి లేదని, పక్క జట్టులో కనుక్కోమని ఇంకొకడు అన్నాడు. మూడోవాడు నొచ్చుకున్నాడు కూడా. ఆమె వచ్చి తన బల్ల దగ్గర కూచుంది. ఇక చూడండి! గంట గడవకముందే ఒక్కొక్కరే నీళ్ల సీసా నింపుకోవడానికి అటుగా రావడం, బల్ల అంచున ఒక మడిచిన చీటీ మర్చిపోయి వెళ్లడం. ఒక చీటీలో, "మా దగ్గర లేవు. ఉంటే గనక మూడు, ఏడు, పన్నెండు వార్డుల్లో ఉండవచ్చు" అని ఉంది. సాయంత్రానికి నలభై ఆసుపత్రుల చీటీలు పోగయ్యాయి. ఆఫీసంతా అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది, గొప్ప బరువు దిగినట్టు.

మిగిలింది ఒక్క ఆసుపత్రి, అన్నిటికన్నా పాతది. దాని చీటీ ఇవ్వడానికి ఎవరూ లేరు, ఎందుకంటే ఆ గంటలు బిగించింది పెద్దాయన స్వయంగా. వదిన ఆ పాత ఫైలు తెరిచింది. మొట్టమొదటి మర్యాద మంచం అందులో ఉంది. దాని పక్కన ఒక చిన్న వాక్యం, తారీఖు పంతొమ్మిదేళ్ల కిందటిది, కింద పెద్దాయన పొడి అక్షరాలు. "చివరిది పోతోంది. రేపు సరిచేయాలి."

శనివారం పొద్దున ఆమె ఆ కాగితం అచ్చు తీసుకుని పెద్దాయన గదికి వెళ్లింది. శనివారాలు ఆయన ఒక్కరే వస్తారు. ఉద్యోగం పోతుందనే వెళ్లింది. పోతే అత్తగారికి ఏం చెప్పాలో కూడా లిఫ్టులో ఆలోచించుకుంది. కాగితం బల్ల మీద పెట్టి, దర్జీ సంగతి మొత్తం చెప్పింది, నూరు లెక్కపెట్టడంతో సహా.

పెద్దాయన ఆ వాక్యాన్ని చాలాసేపు చదివారు. అంతసేపు చదవడానికి అందులో ఏమీ లేదు.

"మర్నాడు పొద్దున్నే సరిచేద్దామనే అనుకున్నానమ్మా," అన్నారు చివరికి. "మర్నాడు పొద్దున్నే బహుమతి వచ్చిందని ఉత్తరం అందింది. తప్పులేనిది అని ఇచ్చారు. పుచ్చుకున్నాక ఇంక దేన్ని సరిచేస్తాం?"

ఆ క్షణంలో వదినకి ఆయన మీద జాలి వేసింది. రెండు గుర్తులు తీసేయలేక పంతొమ్మిదేళ్లు మోసిన మనిషి. ఆయన కలం తీసి అనుమతి పత్రం మీద సంతకం చేశారు. మార్పుకు కారణం అన్న చోట "కాలానుగుణమైన సొబగు" అని స్వహస్తాలతో రాశారు. ఆ పాత కాగితాన్ని మాత్రం మళ్లీ ఇవ్వలేదు, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

శని ఆదివారాలు మంచాలు ఎత్తడంతో సరిపోయింది. ఆదివారం పదింటికి మరిది కూడా వచ్చాడు, అన్నయ్య వండి పంపిన క్యారియరు పట్టుకుని. తన పేరు ఎక్కడా రాయవద్దని షరతు పెట్టి, సాయంత్రం దాకా కూచుని పంతొమ్మిది ఆసుపత్రుల్లో మర్యాద తొలగించాడు. ఇద్దరూ కలిసి చివరిదాన్ని తుడిచేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. మరిది ఒళ్లు విరుచుకుని, చాలా కాలానికి ఈ రోజు పని చేసినట్టుంది వదినా అన్నాడు.

సోమవారం పదకొండింటికి పెద్ద నర్సు ఫోన్ చేసింది. దర్జీని ఒంటి గదిలోకి మార్చారు, ఆయన నొక్కారు, స్క్రీను మీద వచ్చింది. ఏదో ప్రమాదమనుకుని ఇద్దరు నర్సులు పరుగెత్తారు. కిటికీ పరదా అంచు కుట్టు ఊడిందట, సూదీ దారం ఇప్పిస్తే పడుకునే కుట్టేస్తానని అడిగారట. "ఇచ్చానమ్మా," అంది పెద్ద నర్సు. ఆ గొంతు అంత మెత్తగా కూడా పలుకుతుందని వదినకి అప్పుడే తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె క్యాంటీన్‌లో ఒక్కతే కూచుని, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంది.

ఇక్కడితో కథ ముగిస్తే అందరం మంచివాళ్లమే. కానీ పదిరోజుల తర్వాత ఆ కొత్త ఆసుపత్రి మేనేజరు స్వయంగా దిగాడు. పెద్దాయన గదిలో, అక్కడికి పిలిపించిన వదిన, మరిదిల ముందే కూచుని గోడు వెళ్లబోసుకున్నాడు. మీరు ఏదో మార్చారట, అప్పటి నుంచి ప్రతి పిలుపూ వినబడుతోంది. ఎవరు నొక్కినా వచ్చేస్తోంది. నర్సులు చాలడం లేదు, ఇంకా నలుగురు కావాలని పెద్ద నర్సు రోజూ ప్రాణం తీస్తోంది. ఇదివరకు వార్డు ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, ప్రశాంతమైన ఆసుపత్రి అని ఒక యోగ్యతా పత్రానికి దరఖాస్తు కూడా పెట్టుకున్నాం. పరీక్షించేవాళ్లు వచ్చే వారం వస్తున్నారు. దయచేసి పాతదే మళ్లీ వేయండి.

దర్జీ పడిపోయిన సంగతి వదిన గుర్తు చేసింది. చాలా బాధాకరం, ఆయనకి పూలు పంపాం అన్నాడు మేనేజరు.

పెద్దాయన కళ్లలో పదిరోజులుగా లేని వెలుగు కనిపించింది. పంతొమ్మిదేళ్లు దాచుకున్నది ఇంతకాలానికి ఒకడు వచ్చి కావాలని అడుగుతున్నాడు! అంటే అది లోపం కాదు, ముందుచూపు. అక్కడికక్కడే దానికి "ప్రశాంత విధానం" అని నామకరణం చేశారు. కావలసిన ఆసుపత్రులకి బ్రహ్మ ఒకటి తీసేసి రాస్తుంది, అక్కర్లేని వాళ్లకి తీయకుండా రాస్తుంది. మరిది అప్పటికే ప్రకటన కాగితానికి వాక్యాలు ఆలోచిస్తున్నాడు. వదిన వైపు మాత్రం చూడటం లేదు.

వదిన అడ్డు చెప్పలేదు. పరీక్షించకుండా ఏదీ బయటికి పంపకూడదని నియమం ఉంది కాబట్టి, అయ్యగార్ల ముందే ఒకసారి చూపిస్తాను, బాగుంటే సంతకం చేయండి అంది. పరీక్షల గదిలో బల్ల వేసి, మూడు బటన్లు, ఒక పెట్టె, ఒక స్క్రీను అమర్చింది. గుమ్మం దగ్గర మీరు ముందు అంటే మీరు ముందు అనుకుంటూ ముగ్గురూ కాసేపు ఇరుక్కుని, ఎలాగో లోపలికొచ్చి కూచున్నారు. మీరు ముగ్గురూ రోగులు, నేను నర్సుని, పిలిచినవారికి కాఫీ అని వదిన చెప్పింది. ముగ్గురూ నొక్కారు. మరిది మర్యాద తెలిసినవాడు గనక చివర నొక్కాడు. స్క్రీను మీద రెండు నంబర్లు వచ్చాయి, ఇద్దరికి కాఫీ వచ్చింది. పెద్దాయన కాఫీ పక్కన పెట్టి, మరిది భుజం తట్టి, చూశావా ఎంత సాఫీగా ఉందో అన్నారు. మరిది తల ఊపాడు. అతనికి కాఫీ అంటే ప్రాణం.

"ఇప్పుడు ఒంటి గది," అని వదిన రెండు బటన్లు ఊడదీసింది. మిగిలినదాన్ని పెద్దాయన ముందుకి జరిపింది. తాగని కాఫీ ఆయన పక్కనుంచి తీసి అవతలి బల్ల మీద పెట్టి, తను దాని పక్కనే కుర్చీలో కూచుంది.

పెద్దాయన నొక్కారు. స్క్రీను ఖాళీ. మళ్లీ నొక్కారు. వదిన స్క్రీను వైపే చూస్తూ కూచుంది, నర్సు స్క్రీను చూడాలి గానీ మనుషుల్ని చూడకూడదు. ఆయన ఈసారి బొటనవేలితో గట్టిగా అదిమారు. ఒక నిమిషం గడిచింది. కాఫీ మీద పొగ సన్నబడింది. ఆయన లేవబోయారు. రోగులు లేవకూడదండీ అంది వదిన తల తిప్పకుండా. ఆయన కూచున్నారు. నాలుగోసారి నొక్కారు, ఐదోసారి నొక్కారు, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసి నొక్కుతూనే ఉన్నారు.

"చూశారా, ఎంత ప్రశాంతంగా ఉందో," అన్నాడు మేనేజరు తన కాఫీ చప్పరిస్తూ.

పెద్దాయన మొహం ఎర్రబడింది. "ఏం ప్రశాంతం? ఇక్కడ మనిషినొకణ్ణి ఉన్నాను, కనబడటం లేదా? ఇది తప్పు. ముమ్మాటికీ తప్పు."

మరిది చేతిలో కాగితం జారి కింద పడింది. పంతొమ్మిదేళ్లలో ఆ గోడల మధ్య ఆ మాట ఎవరూ అనలేదు. పెద్దాయన సంతకం కోసం పెట్టిన పత్రాన్ని అవతలికి తోసి, ఈ విధానం ఎవరికీ ఇచ్చేది లేదు, నలుగురు నర్సుల్ని పెట్టుకోండి అని మేనేజరుకి చెప్పేశారు. వదిన లేచి కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. తర్వాత పరీక్షల పుస్తకం తెరిచి, కలం తీసి, ఎంతో వినయంగా అడిగింది.

"ఇదే దర్జీ గారికి జరిగినప్పుడు విశేషం అని రాసుకున్నామండీ. ఇప్పుడు ఏమని రాయమంటారు?"

పెద్దాయన కాఫీ ఒక గుక్క తాగారు.

"దర్జీది అలాగే ఉంచమ్మా," అన్నారు. "నాది మాత్రం తప్పని రాయి."